అద్దాల వెనుక ఉస్తర్లాబు
ప్రదర్శనశాలల్లో శాస్త్ర చరిత్ర: ఒక పరిశీలన

హైదరాబాదు చూడబోయిన పాలమూరు పిల్లలకు ఉపాధ్యాయులు తప్పకుండా చూపించే చోట్లు రెండున్నాయి. ఒకటి మూసీ ఒడ్డున గల సాలార్‌జంగ్ మ్యూజియం. రెండవది నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియం, దాని పక్కనే ఉన్న విజ్ఞానశాస్త్ర మ్యూజియం. మా వీపనగండ్ల నుంచి పెబ్బేరు మీదుగా వేకువజామున బయలుదేరే విహారయాత్ర బస్సు కూడా ఈ రెండింటినీ చూపించి రాత్రికి తిరిగి వస్తుంది. మొదటి చోట చరిత్ర ఉంది గాని శాస్త్రం కనపడదు. రెండవ చోట శాస్త్రం ఉంది గాని చరిత్ర కనపడదు. మనిషి ఆకాశాన్ని ఎలా కొలిచాడు, ఇనుమును ఎలా కరిగించాడు, ఒక జాతి నేర్చిన విద్య మరొక జాతి భాషలోకి ఎలా చేరింది అన్న కథ ఈ రెండు కట్టడాల నడుమ ఎక్కడో జారిపోయింది. ఆ జారిపోయిన కథను గురించే ఈ వ్యాసం.

పాఠకులు దీనిని కేవలం మ్యూజియంల నిర్వహణకు సంబంధించిన విషయమని తోసిపుచ్చకూడదని మనవి. శాస్త్రాలకు ముస్లిములు ఎనలేని సేవ చేశారని మన సభల్లో తరచుగా వింటున్నాం. ఏ సేవ అని పిల్లవాడు అడిగితే అల్ బిరూనీ, ఇబ్నె సీనా, ఇబ్నుల్ హైసమ్, రాజీ అంటూ నాలుగు పేర్లు జపమాలలా వినిపిస్తాం. ఆ పేర్ల వెనుక ఏ పని జరిగిందో చెప్పం, చూపించం. పేరు వల్ల గర్వం కలుగుతుందేమో గాని విద్య రాదు. పనిని కళ్ళకు కట్టించగల వస్తువులు ఎక్కడో బాగ్దాదులోనో కైరోలోనో మాత్రమే ఉన్నాయనుకుంటే అది మరో పొరపాటు. వాటిలో కొన్ని మన హైదరాబాదులోనే ఉన్నాయి.

సాలార్‌జంగ్ మ్యూజియం ఒక వ్యక్తి అభిరుచి నుంచి పుట్టింది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) జీవితమంతా సేకరించిన వస్తువులను 1951 డిసెంబరు 16న దీవాన్ దేవిడీలో ప్రజలకు చూపించారు. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో ఇప్పటి భవనంలోకి మారింది. ఆ మహానుభావుడు కూడబెట్టి ఉండకపోతే ఆ వస్తువులు ఎన్ని దేశాలపాలై ఉండేవో ఊహించలేం. కాబట్టి ఇక్కడ చేసే విమర్శ కృతజ్ఞత లేని విమర్శ కాదు. అయితే సేకరించిన వాని చూపుకు ఒక స్వభావం ఉంటుంది: వస్తువు అందమైనదా, అరుదైనదా, ఏ ప్రభువు చేతిలో ఉండేది అన్నది ముందు చూస్తుంది. ప్రదర్శన కూడా ఆ చూపునే వారసత్వంగా తీసుకొన్నది. జహంగీరు వేటకత్తి, నూర్జహాన్ పండ్ల కత్తి, ముగ్గురు మొఘల్ చక్రవర్తుల సంతకాలున్న ఖుర్‌ఆన్ ప్రతి... ఇలా యజమాని పేరే వస్తువుకు చిరునామా అయిపోయింది.

అక్కడ జనం ఎక్కువగా గుమిగూడేది సంగీత గడియారం ముందు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ నుంచి వచ్చిన ఆ గడియారంలో గంట గంటకూ గడ్డపు బొమ్మ ఒకటి తలుపు తీసుకొని వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతుంది. మరొక పక్క కమ్మరి బొమ్మ క్షణక్షణమూ సుత్తి వేస్తూనే ఉంటుంది. పన్నెండు గంటల వేళయితే నిలబడ చోటుండదు. మా ఊరి పిల్లవాడొకడు తన చిన్నాన్న చేయి పట్టుకొని, "చాచా, ఆ ముసలాయన లోపల ఏం చేస్తుంటాడు?" అని అడగడం విన్నాను. నన్నడిగితే ఆ మ్యూజియంలో వినిపించిన అన్ని మాటల్లోకీ శాస్త్రీయమైన ప్రశ్న అదే. లోపల ఏం జరుగుతున్నది? ఆ ప్రశ్నకు సమాధానం చెప్పే పటం ఒక్కటి ఆ పక్కన ఉంటే ఎంత బాగుండును!

చెప్పదలచుకొంటే అక్కడి నుంచి ఎనిమిది వందల ఏండ్ల వెనక్కు వెళ్ళవచ్చు. ఆమిద్ (నేటి దియార్‌బకర్) నగరంలో అర్తూఖీ రాజుల కొలువులో ఉన్న అల్ జజరీ 1206లో యంత్రాల మీద గ్రంథం పూర్తి చేశాడు. అందులో వేళకు వెలుపలికి వచ్చే బొమ్మలు, తాళాలు కొట్టే బొమ్మలు ఉన్నాయి. అన్నింటిలోకీ పేరుపొందినది ఏనుగు గడియారం. పైన మావటి, అంబారీ, లేఖరి, పక్షి, పాము ఉన్నా అసలు రహస్యమంతా ఏనుగు పొట్టలో ఉంది. అక్కడి నీటితొట్టిలో అడుగున చిల్లి గల ఒక గిన్నె తేలుతుంటుంది. చిల్లి గుండా నీరు ఎక్కి, అర్ధగంటకు అది మునిగిపోతుంది. మునుగుతూ తాడును లాగితే పైనుంచి ఒక గోళీ జారి పాము నోట్లో పడుతుంది. పాము బరువుకు వంగి, మునిగిన గిన్నెను తిరిగి పైకి లేపుతుంది. అంతలో మావటి దెబ్బ కొడతాడు. ఆట మళ్ళీ మొదలవుతుంది.

ఆ చిల్లి గిన్నె మనకు కొత్తది కాదు. మన దేశంలో శతాబ్దాలుగా కాలాన్ని కొలిచినది దానితోనే. తెలుగువారు దానిని గడియకుడుక అన్నారు. అది ఒకసారి మునగడానికి పట్టే 24 నిమిషాలే గడియ. పగలూ రాత్రీ కలిసి 60 గడియలు. మనం చేతికి కట్టుకొనే వస్తువును నేటికీ గడియారమనే అంటున్నాం. అల్ జజరీ తన యంత్రానికి ఏనుగునూ మావటినీ ఎన్నుకోవడం ఊరికే కాదు. ఆ గిన్నె ఏ దేశపుదో ఆ రూపమే చెబుతున్నది. ఒక అరబ్బీ గ్రంథం, ఒక తెలుగు మాట, విలాయతీ గడియారం ఈ విధంగా ఒకే గదిలో కలుసుకోగలవు. కాని కలిపేవారు లేరు.

ఇక ఉస్తర్లాబు సంగతి. సాలార్‌జంగ్ సేకరణలో హిజ్రీ 975 (క్రీ.శ. 1567) నాటి ఉస్తర్లాబు ఉంది. చేసినవాడు లాహోరుకు చెందిన ఉస్తాద్ అల్లాహ్‌దాద్. హుమాయూన్ కాలం నుంచి నాలుగు తరాలపాటు ఈ కుటుంబం నక్షత్ర యంత్రాలు చేసింది. కుమారుడు ముల్లా ఈసా, మనుమలు ఖాయిం ముహమ్మద్, ముహమ్మద్ ముఖీం, మునిమనుమడు జియావుద్దీన్ ముహమ్మద్ చేసిన పనిముట్లు నేడు ప్రపంచంలోని పెద్ద పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి. అతుకు లేకుండా బోలుగా పోతపోసిన ఖగోళాలు చేయడంలో లాహోరు పనివారు ఆరితేరినవారు. నేటి లోహశాస్త్రజ్ఞులను కూడా ఆశ్చర్యపరచిన విద్య అది. ఇట్టి యంత్రాలను దేశమంతటా వెదకి, ఒక్కొక్కదానినీ కొలిచి, వాటి మీది లిపిని చదివి పెద్ద పట్టికను తయారుచేసిన పండితుడు అలీగఢ్‌లో సంస్కృతం బోధించిన మన తెలుగువాడు శ్రీరాముల రాజేశ్వర శర్మ అన్న సంగతి ఎంతమందికి తెలుసు?

అద్దాల వెనుక ఆ యంత్రం నగిషీ చెక్కిన ఇత్తడి పళ్ళెంలా కనిపిస్తుంది. చూసేవాడు బాగుందనుకొని ముందుకు సాగుతాడు. విడదీసి చూపితే దాని భాగాల పేర్లే మన పిల్లలను నిలబెడతాయి. అడుగు పళ్ళెం పేరు ఉమ్, అనగా తల్లి. దానిలో ఇమిడే పలక సఫీహా. పైన నక్షత్రాల స్థానాలను సూచించే మొనలతో జాలీలా ఉన్న చక్రం అన్కబూత్, అనగా సాలెపురుగు. ఖుర్‌ఆన్ చదివే ప్రతి పిల్లవాడికీ ఈ మాట సూరా పేరుగా నోటికి వచ్చినదే. ఆ సాలెపురుగు పలక మీద తిరుగుతుంటే భూమి మీద నిలబడినవానికి ఆకాశం ఎలా తిరుగుతున్నదో తెలుస్తుంది. ఒక నక్షత్రం ఎత్తు కొలిస్తే రాత్రి ఎంత గడిచిందో, ఫజ్ర్ ఎప్పుడో లెక్క తేలుతుంది. పలక ఊరి ఊరికీ మారాలి. లాహోరు అక్షాంశానికి చెక్కినది హైదరాబాదులో పనికిరాదు. లాహోరు యంత్రాలలో చాలావాటి లోపల పట్టణాల అక్షాంశ రేఖాంశాల పట్టికలు చెక్కి ఉంటాయి. మరి, ఆ పళ్ళెం పక్కన అట్టతో చేసిన నకలు ఒకటి వేలాడదీసి, హైదరాబాదుకు తగిన పలక గీసి, పిల్లలను తిప్పి చూడనిస్తే నష్టమేమిటి? ఖర్చు వందల్లో కూడా ఉండదు.

ఇదే యంత్రం మీద ఫీరోజ్ షా తుగ్లక్ కొలువులో మహేంద్ర సూరి అనే జైన పండితుడు 1370లో సంస్కృతంలో 'యంత్రరాజం' అనే గ్రంథం రాశాడు. గ్రీకుల నుంచి అరబ్బులకు, అరబ్బీ ఫారసీల నుంచి సంస్కృతానికి విద్య నడిచివచ్చిన తోవ ఇది. అనువాదకుడిని కనుక ఈ సంగతి నాకు మరీ ప్రీతికరం. ప్రదర్శనశాలల్లో యోధులకు, రాజులకు, అప్పుడప్పుడు పనివారికి కూడా చోటు దొరుకుతుంది. అనువాదకుడికి మాత్రం దొరకదు.

ఆయుధాల గదికి వద్దాం. కత్తి పిడికి తాపిన రాళ్ళు మెరుస్తుంటాయి. అలుగు ఏ ఉక్కుతో చేసిందన్నది ఎవరూ అడగరు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం అనే ఊరిలో ఒకప్పుడు మూసలలో ఉక్కు కరిగించేవారు. రెండు రకాల ఇనుమును కలిపి, మట్టి మూసలో మూసి, రాత్రింబగళ్ళు కొలిమిలో కాల్చి, మెల్లగా చల్లార్చేవారు. వాయ్సీ అనే ఆంగ్లేయుడు చూసి రాసిన వివరాలు 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినాయి. ఇస్ఫహాను వర్తకుడొకడు అక్కడే మకాం వేసి, ఉక్కును దగ్గరుండి కొనుక్కుపోవడం ఆయన చూశాడు. నీటి అలల వంటి చారలతో లోకప్రసిద్ధమైన 'డమాస్కస్' కత్తులకు ఇట్టి ఉక్కే మూలధాతువు. పాశ్చాత్యులు దీనికి పెట్టిన వూట్జ్ అన్న పేరు కూడా మన 'ఉక్కు' నుంచి వెళ్ళినదే. అంత ఘనకార్యం చేసిన కమ్మరి మ్యూజియంలో ఎక్కడున్నాడు? సంగీత గడియారంలో సుత్తి వేసే బొమ్మగా ఉన్నాడు!

దీనికి సంబంధించిన మరొక ముక్క మూసీకి ఇవతల ఉంది. మూసలలో చేసే ఉక్కును గురించి, కత్తి అలుగు మీది చారలను గురించి 11వ శతాబ్దిలో అల్ బిరూనీ తన 'కితాబుల్ జమాహిర్'లో రాశాడు. ఆ అరబ్బీ గ్రంథాన్ని క్రెన్కో అనే జర్మన్ పండితుడు పరిష్కరించగా, 1936 ప్రాంతంలో హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ అచ్చువేసింది. 1888లో స్థాపితమై నేడు ఉస్మానియా ఆవరణలో ఉన్న ఈ సంస్థ ప్రచురించిన శాస్త్ర గ్రంథాలు చూడండి. ఖాజినీ తూనికల శాస్త్రం 'మీజానుల్ హిక్మా', సూఫీ నక్షత్ర గ్రంథం, 1954-56లో మూడు సంపుటాలుగా బిరూనీ 'అల్ ఖానూనుల్ మస్ఊదీ', 1955 నుంచి రాజీ వైద్య సర్వస్వం 'అల్ హావీ'. చరిత్రకారులు ఈ ప్రతులను ఎదుట పెట్టుకొనే పనిచేశారు. అంటే ఉక్కు మన కొలిమిలోనిది, ఉక్కు మీది గ్రంథం మన ముద్రణాలయంలోనిది, కత్తి మన మ్యూజియంలోనిది. మూడూ ఒకే గాజు పెట్టెలో ఇముడుతాయి. నూటపాతికేండ్లకు పైగా నడిచిన ఆ అచ్చుపనిని గురించి నేటి తెలుగు ముస్లిం విద్యార్థికి ఒక్క ముక్క తెలియదంటే అందులో మ్యూజియంల తప్పు కొంతే, మన తప్పు ఎక్కువ.

నౌబత్ పహాడ్ మీది ప్లానెటేరియం 1985లో, విజ్ఞానశాస్త్ర మ్యూజియం 1990లో ప్రారంభమైనాయి. మీట నొక్కితే దీపం వెలుగుతుంది, పట్టకం తిప్పితే రంగులు వస్తాయి. పిల్లలకు అది పండుగే. తాకవద్దు అనే బోర్డుల మధ్య నుంచి తాకి చూడు అనే చోటికి రావడం చిన్న విషయం కాదు. అయితే అక్కడ శాస్త్రం ఆకాశం నుంచి ఊడిపడినట్లు ఉంటుంది. నియమం ఉంటుంది గాని, ఆ నియమం కోసం తలపగలగొట్టుకొన్న మనిషి ఉండడు. ఇంద్రధనుస్సునే తీసుకొందాం. వాన చినుకును కంటితో పట్టలేం కాబట్టి కమాలుద్దీన్ ఫారిసీ గుండ్రని గాజు బుడ్డిని నీటితో నింపి, దానిని పెద్ద చినుకుగా భావించి, చీకటి గదిలో దాని మీదికి ఎండ కిరణాన్ని పంపి పరీక్షించాడు. కిరణం లోపలికి పోతూ ఒకసారి, బయటికి వస్తూ ఒకసారి వంగుతుంది. నడుమ ఒకసారి లోపలి గోడకు తగిలి వెనుదిరుగుతుంది. రెండుసార్లు వెనుదిరిగితే పైన కనిపించే రెండవ ధనుస్సు ఏర్పడుతుంది. ఇబ్నుల్ హైసమ్ దృష్టిశాస్త్రానికి వ్యాఖ్యగా ఆయన రాసిన 'తన్ఖీహుల్ మనాజిర్'ను కూడా దాయిరతుల్ మఆరిఫే 1928-30 ప్రాంతంలో ప్రచురించింది. బుడ్డి, నీరు, ఎండ. ఇంతకంటే చవకైన ప్రయోగం ఏముంది?

దాదాపు అదే కాలంలో ఫ్రైబర్గ్‌కు చెందిన థియోడొరిక్ అనే క్రైస్తవ సన్యాసి, ఫారిసీ పేరైనా వినకుండానే, ఇదే విధంగా గాజు గోళాలతో ఇదే నిర్ణయానికి వచ్చాడు. ఇద్దరికీ ఆధారం ఇబ్నుల్ హైసమ్ గ్రంథమే. ఒకరికి అరబ్బీలో, మరొకరికి లాటిన్ అనువాదంలో. ఈ సంగతిని ప్రత్యేకించి చెప్పడానికి కారణముంది. ఇప్పటివరకు మన చోట లేనిదాన్ని గురించి చెప్పాను. ఇతర దేశాలలో ఈ లోపాన్ని పూరించబోయిన ప్రదర్శనలు మరొక రోగాన్ని తెచ్చిపెట్టాయి. దాని పేరు 'మేమే ముందు'.

బ్రిటన్‌లోని ఒక సంస్థ తయారుచేసిన '1001 ఇన్వెన్షన్స్' ప్రదర్శన 2006లో మాంచెస్టర్‌లో మొదలై, 2010లో లండన్ సైన్స్ మ్యూజియంకు చేరి, ఆ తరువాత ఇస్తాంబుల్, న్యూయార్క్ మొదలైన నగరాలు తిరిగింది. నిలువెత్తు ఏనుగు గడియారం దాని ముఖ్య ఆకర్షణ. లక్షలమంది చూశారు. పరాయి దేశపు బడిలో తలవంచుకొని కూర్చొన్న ముస్లిం పిల్లవాడికి అది ధైర్యమిచ్చిందంటే కాదనను. అయితే కాఫీ నుంచి విమానం దాకా ప్రతిదానికీ మూలపురుషుడు ముస్లిమే అన్న ధోరణి చరిత్రకు నిలవదు. సోన్యా బ్రెంట్యెస్ తదితర చరిత్రకారులు దాని మీద 2016లో ఒక విమర్శ సంకలనమే తెచ్చారు. ఆ విమర్శకులు ఇస్లాం మీద కత్తిగట్టినవారు కారు. అరబ్బీ శాస్త్ర గ్రంథాలు చదవడంలో జీవితాలు గడిపినవారు. ఎవరు ముందన్న పందెంలో ఫారిసీ గెలిచాడని రాస్తే థియోడొరిక్ మాయమవుతాడు. అంతకన్నా పెద్ద నష్టం, గాజు బుడ్డి మాయమవుతుంది.

ఫువాత్ సెజ్గిన్ (1924-2018) మార్గం దీనికన్నా గంభీరమైనది. ఆయన 1982లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో సంస్థ నెలకొల్పి, పాత గ్రంథాల వర్ణనలను బట్టి వందలాది యంత్రాలకు నకళ్ళు చేయించాడు. ఇస్తాంబుల్‌లోని గుల్హానే ఉద్యానంలో 2008లో తెరచిన మ్యూజియం ఆ కృషి ఫలమే. నకలు చేయాలంటే గ్రంథాన్ని అక్షరం అక్షరం చదవాలి. ఆ విధంగా అది కూడా ఒక అనువాదమే. కాని కొత్త ఇత్తడితో తళతళలాడే ఆ నకలు ఎదుట నిలబడినవానికి, ఇందులో గ్రంథం చెప్పినదెంత, నేటి పనివాడు ఊహించినదెంత అన్న వివరం అవసరం. నకలు కన్నా ప్రమాదకరమైనవి దొంగ చిత్రాలు. పంటినొప్పికి కారణమైన పురుగును చూపే సూక్ష్మచిత్రం వంటివి ఈమధ్య యాత్రికుల కోసం గీసినవని, అవి గ్రంథాల అట్టల మీదికీ మ్యూజియంలలోకీ ప్రామాణికమైనవాటిలా చేరిపోయాయని చరిత్రకారుడు నీర్ షాఫిర్ 2018లో బయటపెట్టాడు. మెచ్చుకోవాలన్న తొందర అబద్ధానికి ఎర్రతివాచీ పరిచింది.

గెలుపులే చూపించేవారు తఖీయుద్దీన్ వేధశాల ముగింపును తేల్చేస్తారు. ఇస్తాంబుల్‌లో 1577 ప్రాంతంలో నిర్మించిన ఆ వేధశాలను 1580లో సుల్తాను ఆజ్ఞతోనే కూలగొట్టారు. ఇది కూడా మన చరిత్రే. యంత్రాల బొమ్మ పక్కన కూలిన గోడ బొమ్మ కూడా ఉండాలి. అప్పుడే పిల్లవాడు ఎందుకని అడుగుతాడు.

మరి పనివారి మాట? బహమనీ రాజ్య స్థాపకుని కొలువులో ఇసామీ అనే కవి 1350లో ముగించిన 'ఫుతూహుస్సలాతీన్' అనే ఫారసీ కావ్యంలో, రజియా సుల్తానా ప్రసంగం వచ్చినప్పుడు, ఆడదానికి రాట్నమే తగిన చోటు అన్న అర్థంలో ఒక మాట ఉంది. కవి ఉద్దేశం మెచ్చదగింది కాదు. కాని మన దేశంలో నూలు రాట్నానికి దొరికిన తొలి ప్రస్తావనలలో ఇదొకటని ఇర్ఫాన్ హబీబ్ 1969లోనే ఎత్తిచూపారు. కదురును చేతితో తిప్పే కాలంలో నుంచి చక్రంతో తిప్పే కాలంలోకి దక్కను ఎలా అడుగుపెట్టిందో ఈ ఎత్తిపొడుపు మాట పట్టిస్తుంది. రాట్నానికి దూది కావాలి. దూదిని ఏకడానికి విల్లు కావాలి. మన పల్లెల్లో ఆ విల్లు పట్టినవారు దూదేకులవారు. నారి మీద కొయ్యతో కొడితే అది కంపించి, అంటుకుపోయిన పోగులను విడదీసి, గింజపొట్టునూ మట్టినీ రాల్చివేస్తుంది. చదువుకొన్న ముస్లిములు సైతం పింజారీ అని చులకన చేసిన ఈ పని కూడా సాంకేతిక చరిత్రే. గద్వాల నేతగాడు నూలు చీరకు పట్టు అంచును కుప్పడం పద్ధతిలో పోగుకు పోగు కలిపే పనీ అటువంటిదే. చీర అంగడిలో ఉంది. మగ్గం కథ ఏ గదిలోనూ లేదు.

పెద్ద భవనాలు, విదేశీ నిపుణులు, కోట్ల రూపాయల ప్రణాళికలు కావాలనడం నా ఉద్దేశం కాదు. వనపర్తి జిల్లాలోని ఏ ఉన్నత పాఠశాలలోనైనా, ఏ మదర్సాలోనైనా ఒక గది చాలు. ఒక బల్ల మీద నీటితొట్టి, అందులో చిల్లి పెట్టిన రాగి గిన్నె. మరో బల్ల మీద గుండ్రని బుడ్డి, కిటికీకి నల్లగుడ్డ. గోడకు అట్ట ఉస్తర్లాబు, దానికి 16 డిగ్రీల పలక. మూలన అటక మీద నుంచి దించిన దూదేకుల విల్లు, దానిని పట్టిన పెద్దాయన ఎవరైనా మిగిలి ఉంటే ఆయన. ప్రతి వస్తువు పక్కనా తెలుగులోనూ ఉర్దూలోనూ నాలుగు వాక్యాలు: ఇది ఎలా పనిచేస్తుంది, ఎవరు చేశారు, ఏ పుస్తకంలో ఉంది, ఆ పుస్తకం ఏ భాష నుంచి ఏ భాషకు వచ్చింది. యజమాని పేరు రాయనక్కరలేదు. గిన్నె సరిగా 24 నిమిషాలకు మునిగేదాకా చిల్లిని ఎంత వెడల్పు చేయాలో పిల్లలే తేల్చుకొంటారు. మొదటి గిన్నె మరీ తొందరగా మునుగుతుంది. రెండవదానికి సన్నని మేకు వాడతారు.